యాభై మూడు పాయింట్ ఒకటి

కర్లింగ్ రింకు మేడ మీద గదిలో
నాలుగు బల్లలు జతచేసి
పదకొండు వందల అరవై చీటీలు కుమ్మరించాం.
కింద మంచు మీద రాయి జారే చప్పుడు,
దాని ముందు పరుగెత్తే చీపుళ్ల చప్పుడు.
మాడిన కాఫీ వాసన.

చీటీ మీద ప్రశ్న ఒకటే:
"పార్టీకి కొత్త నాయకుణ్ణి ఎన్నుకోవాలా?"
అవును అంటే ఆయన వద్దని.
కాదు అంటే ఆయనే ఉండాలని.
ఇరవై ఆరేళ్లు బడిలో వ్యాకరణం చెప్పినదాన్ని,
ఇంత మెలిక తిరిగిన వాక్యం ఏ పిల్లాడూ రాయలేదు.
ఎవరో రెండు గళ్లలోనూ గీతలు పెట్టి
అడుగున వణుకుతున్న అక్షరాలతో రాశారు:
"ఎల్డన్ మంచివాడే. మరి మా ఆసుపత్రి?"
చెల్లదు.
చెల్లని వాటి డబ్బాలో వేయబోతూ
ఇంకోసారి చదివాను.

ఎల్డన్ క్రాండల్, మా న్యూ బ్రన్స్‌విక్ ప్రీమియర్.
బంగాళాదుంపల లారీ దిగి
తిన్నగా అసెంబ్లీ మెట్లెక్కినవాడు.
నలభై ఏడో ఏట నా వంటగదిలో కూర్చుని
ఫ్రెంచి నేర్చుకున్నాడు, ఓట్ల కోసమే, దాచలేదు.
ఇప్పటికీ నదిని మగవాణ్ణి చేస్తాడు.
నేను దిద్దుతాను,
వచ్చే వారం మళ్లీ చేస్తాడు.

ఒట్టావాలో ఏలుతున్నదీ మా పార్టీయే.
అదే పేరు, అదే రంగు.
ఇంటిపేరు ఒకటే గాని పొయ్యిలు వేరు.
మాకు రావలసిన డబ్బులో కోత పెట్టినప్పుడు
ఎల్డన్ సభలో లేచి అన్నాడు:
"అన్నే కావచ్చు,
కంచం లాక్కునే చేతిని అన్న చెయ్యి అనలేను."
ఆ రోజు బల్లలు అదరగొట్టినవాళ్లు
ఆ సాయంత్రమే ఫోన్లు పట్టుకుని
మెట్ల కిందికి వెళ్లారు.
ఆ తర్వాత ఒట్టావా నుంచి
ఆయనకు క్రిస్మస్ కార్డు కూడా రాలేదు.

తొమ్మిది నలభైకి లెక్క తేలింది.
కాదు, ఆరు వందల పన్నెండు.
అవును, ఐదు వందల నలభై ఒకటి.
"గెలిచాడు" అన్నాను.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
పార్టీ అధ్యక్షురాలు బెర్నిస్ కార్మియే
కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ,
"ఎన్నికల్లో ఇది గెలుపే యూలాలీ,
ఇంట్లోవాళ్లు వేసే ఓట్లలో కాదు" అంది.
అప్పటికే కారిడార్‌లో ముగ్గురు మంత్రులు
ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి
వేళ్లు మడిచి ఎవరెవరినో లెక్కపెడుతున్నారు.

కాగితం తీసుకుని నేనే దిగాను.
పార్కింగ్‌లో తన పాత పికప్‌లో ఉన్నాడు,
ఇంజను ఆపలేదు, అద్దాల మీద ఆవిరి.
అంకె చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.
"చెల్లనివి ఎన్ని?"
"ఏడు."
ఎందుకు చెప్పానో, ఆ వణుకుడు అక్షరాల సంగతి చెప్పాను.
"ఏ ఊరి పెట్టె?"
"చెప్పకూడదు."
"టోబిక్ వైపు అయ్యుంటుంది" అన్నాడు.
"ఒట్టావా మీద నెట్టేశాను గాని
ఆ వార్డు మూసిన కాగితం మీద సంతకం నాదే.
ఇద్దరు నర్సులు గుమ్మంలో నిలబడి ఏడ్చారు,
నేను కారు దిగలేదు."

వైపర్ ఒకసారి తిప్పాడు.
రేపు ఉదయం పార్టీకి ఒక ఉత్తరం.
వేరొకరిని ఎన్నుకునేదాకా
కుర్చీ ఆయనదే, గది ఆయనదే,
గంట కొట్టినా పలికేవాళ్లు మాత్రం ఉండరు.
లెఫ్టినెంట్ గవర్నర్ ఇంట్లో టీ, ఒక ఫోటో,
గోడ మీద తైలవర్ణ చిత్రానికి
ఎవరో కొలతలు తీసుకుంటారు.

"నాట్లకు అందుకుంటానేమో" అన్నాడు.
తర్వాత, వంతెన వైపు చూస్తూ ఫ్రెంచిలో,
మంచు పగులుతున్న చప్పుడు వింటూ:
"రేపో ఎల్లుండో నది కదులుతాడు."

నేను దిద్దలేదు.